గ్రహచారంతో కలిసి హైదరాబాదు ప్రయాణం

శుక్రవారం

మా చెల్లెలు నిజాంపేటలో కొన్న ఫ్లాటు గృహప్రవేశం ఆదివారం తెల్లవారుజామున అని తెలియగానే, రెండు రోజులు ముందే బయలుదేరి హైదరాబాదు చూసి వద్దామని నేనే పట్టుబట్టాను. మా వారు మొదట ఒప్పుకోలేదు. సెలవు దొరకక కాదు, ఖర్చుకు వెనుదీసి అంతకంటే కాదు. తాను ఎక్కిన రైలు దారిలో ఆగిపోతుందని, తాను వెళ్లేసరికి చూడవలసిన చోటు మూసి ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం.

తాడేపల్లిగూడెంలో మమ్మల్ని ఎరిగినవారికి ఈ నమ్మకం కొత్త కాదు. మా పెళ్లిలో జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు జనరేటరు ఆగిపోయింది. చీటీ పాట మా చేతికి రావలసిన నెలలోనే చీటీలు వేసే మనిషి రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయాడు. అప్పు చేసి కొన్న స్థలం మీదుగా హైటెన్షన్ తీగలు పడ్డాయి. స్కూటరు బీమా గడువు తీరిన మర్నాడు, సరిగ్గా దాని మీదే కొబ్బరి గెల తెగి పడింది. విడివిడిగా చూస్తే ఇవన్నీ ఎవరికైనా జరిగేవే గాని, ఒకే మనిషికి వరసపెట్టి జరిగేసరికి ఆయనకు ఊళ్లో ఐరన్ లెగ్గన్న పేరు స్థిరపడిపోయింది. ఆ లెగ్గు ఎవరిదన్న విషయంలో మాత్రం మా అత్తగారు ఊరివారితో ఏకీభవించరు. పెళ్లికి ముందు తన కొడుకు నిక్షేపంలా ఉండేవాడని, కోడలు కాలు పెట్టిన వేళ నుంచే ఇదంతా మొదలైందని ఆమె అభిప్రాయం. మగవాడికి కీడు జరిగితే దాని మూలాన్ని ఆడదాని కాలిలో వెతకడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కనుక, ఆమె మాటను నేను పెద్దగా మనసుకు పట్టించుకోలేదు.

నన్ను కుంగదీసింది వేరు. చీటీ డబ్బు పోయిన వేసవిలో మా వారు, "నాకు దూరంగా ఉంటే నువ్వన్నా బాగుంటావు" అంటూ నన్ను పుట్టింట్లో దింపి, సంచి గడపలో పెట్టి, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయారు. తాగి కొట్టే మొగుడి మీద పెద్దమనుషులతో చెప్పుకోవచ్చు. భార్య మేలు కోరి దూరం జరిగే మొగుడి మీద ఏమని ఫిర్యాదు చేయాలి? రెండు నెలల తర్వాత నా అంతట నేనే తిరిగి వచ్చాను. అప్పటినుంచి మా మధ్య ఒకరిని చూసి ఒకరు భయపడే మర్యాద ఒకటి చేరింది.

మేమెక్కిన రైలు కాజీపేట దాటాక పొలాల మధ్య చాలాసేపు ఆగింది. బోగీలో అందరూ విసుక్కుంటూ ఉంటే ఆయన మాత్రం, నేరం తనదే అయినట్టు తలవంచుకుని కూర్చున్నారు. నాంపల్లిలో లాడ్జి చేరి, స్నానాలు చేసి, ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే గేటు మూసి ఉంది. అక్కడినుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే అదీ మూసి ఉంది. "చూశావా?" అన్నారు. నేను గేటు పక్కనున్న బోర్డు దగ్గరికి ఆయనను తీసుకువెళ్లి చదివించాను. ఈ రెండింటికీ వారపు సెలవు శుక్రవారమే. "ఇది మీ కోసం మూయలేదు, ప్రతి శుక్రవారమూ మూస్తారు" అన్నాను. ఆయన బోర్డును రెండుసార్లు చదివారు గాని, ముఖంలో మార్పు లేదు. శుక్రవారమే రావాలని ఎందుకు అనిపించిందన్నది ఆయన తరువాతి ప్రశ్న. దానికి ఏ గేటు మీదా జవాబు రాసి ఉండదు.

చార్మినార్ తెరిచే ఉంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ మీనారులోని ఇరుకైన మెలికల మెట్లెక్కి మొదటి అంతస్తు చేరితే, ఉత్తరాన గుల్జార్ హౌజు అనే నీటి తొట్టి చుట్టూ కట్టిన కమాన్ల వైపు చూపు పోతుంది. వాటిలో పడమటి కమాను ఒకప్పుడు రాచనగరుకు దారి. ఆ దారిన వచ్చే రాజు మీద ఏ చేతబడీ పనిచేయకుండా అక్కడ మంత్రాక్షరాలు చెక్కిన స్తంభమొకటి నిలిపారని చెబుతారు. కోటలూ ఫిరంగులూ ఉన్నవాడికే దిష్టి భయం తప్పలేదంటే, ఎరువుల దుకాణంలో లెక్కలు రాసుకునే మా వారిని తప్పుపట్టడం భావ్యం కాదనిపించింది.

దక్షిణం వైపు వసారాలో నిలబడ్డప్పుడు, పక్కనున్న పెద్దాయనొకరు ఫలక్‌నుమా ఉన్న దిక్కు చూపించి దాని కథ చెప్పారు. నిజాం కొలువులో పెద్ద జాగీర్దారులైన పాయెగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో ఆ ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టి, పూర్తయ్యేసరికి అప్పుల్లో మునిగిపోయాడు. అప్పుడు ఆయన బేగం, నిజాం మహబూబ్ అలీ పాషాను అతిథిగా పిలిచి, మెచ్చుకున్నాక భవనాన్నే నజరానాగా సమర్పించమని ఉపాయం చెప్పిందట. పాషా దాన్ని స్వీకరించి, తగిన సొమ్ము ఇప్పించాడని ఆ కథ. మా వారు శ్రద్ధగా విని, "ఆవిడ అదృష్టవంతురాలు" అన్నారు. కథలో తెలివి ఎవరిది, అదృష్టం ఎవరిది అన్నది నాకు మరోలా తోచింది గాని, మెట్లు దిగే వేళ వాదన ఎందుకని ఊరుకున్నాను.

శనివారం

మ్యూజియం టిక్కెట్ల వరస దగ్గర మా వారు డబ్బులు నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నారు. ఈ అలవాటు గురించి చెప్పాలి. చీటీ పోయిన నాటినుంచి ఆయన ఏ వస్తువునూ తన చేత్తో కొనరు. బియ్యం, మందులు, చివరికి పాల ప్యాకెట్టు సైతం నేనే అడిగి, నేనే డబ్బిచ్చి తీసుకోవాలి. ఆయన భుజాన మాత్రం ఎప్పుడూ ఒక ఖాకీ సంచి ఉంటుంది. అందులో టార్చిలైటు, గొడుగు, రెండు అగ్గిపెట్టెలు, కొవ్వొత్తి, పిన్నీసులు, అన్ని కాగితాలకూ రెండేసి జిరాక్సులు. ఆపద వస్తుందని ముందే తెలిసినవాడి సామాను అది.

సాలార్‌జంగ్ గడియారం ముందు పన్నెండు గంటల వేళకు పెళ్లిపందిట్లో ఉన్నంత జనం. గంటకు మూడు నిమిషాల ముందే గడియారంలోని చిన్న తలుపు తెరుచుకుని, గడ్డపు బొమ్మ ఒకటి బయటకు వచ్చి నిలబడుతుంది. సమయం కాగానే ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి, లోపలికి వెళ్లిపోతుంది. పక్కన కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తూనే ఉంటుంది. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ వారి గడియారమది. నేను బల్ల మీద చోటు చూసుకుని వెనక్కి తిరిగేసరికి మా వారు లేరు. జనానికి చాలా వెనక, ఒక స్తంభం చాటున, గడియారం తనకు కనబడని చోట, నిజానికి తాను గడియారానికి కనబడని చోట నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళితే గొంతు తగ్గించి, "ఇంతమంది పిల్లలు వచ్చారు. నేను చూస్తుండగా ఆగిపోతే?" అన్నారు.

నవ్వు రావలసిన మాటే గాని నాకు రాలేదు. ఆ మనిషి తన వల్ల ప్రపంచానికి జరగబోయే నష్టాన్ని తప్పించడానికి స్తంభం చాటున నిలబడ్డారు. పుట్టింట్లో నన్ను దింపిన రోజున కూడా ఆయన చేసింది ఇదే. చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాను. ఎవరో జరిగి చోటిచ్చారు. గడ్డపు బొమ్మ వచ్చింది, కొట్టింది. మా వారు పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. అంతా అయ్యాక, "పన్నెండూ కొట్టింది" అని, నాకు తెలియని విషయం చెబుతున్నట్టుగా చెప్పారు.

ఆ తరువాత గదులన్నీ హుషారుగానే తిరిగారు. ఈ మ్యూజియంలోనే 2001లో నిజాం నగలు ప్రదర్శించినప్పుడు జేకబ్ వజ్రాన్ని కూడా పెట్టారు. 184.75 కారట్ల ఆ వజ్రం సంగతి నేను చదివినంతవరకు ఆయనకు చెప్పాను. 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే వర్తకుడి దగ్గర దాన్ని బేరమాడిన మహబూబ్ అలీ పాషా, వ్యవహారం కలకత్తా కోర్టుకెక్కి తల నొప్పిగా మారేసరికి, అది అచ్చిరాని రాయి అని దాని మొహం చూడడం మానేశాడు. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రి చెప్పులో, బొటనవేలి దగ్గర, అది దొరికింది. ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. చివరికి 1995లో భారత ప్రభుత్వం మిగతా నగలతో పాటు దాన్ని కొన్నది. తండ్రికి కీడు చేసిన రాయి కొడుకు దగ్గర కాగితాలు కాపలా కాసిందన్న మాట మా వారికి బాగా నచ్చింది. "కాగితాలు ఎగరలేదు కదా?" అని అడిగారు. ఎగరలేదన్నాను.

మధ్యాహ్నం నయాపూల్ దాటి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో మూసీ వైపున ఉన్న చింతచెట్టు దగ్గరికి వెళ్లాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఉర్దూలో రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, రాసిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. మా వారు చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నారు. "ఈ కొమ్మ దొరికినవాళ్లందరి జాతకాలూ ఒకటే అయి ఉంటాయంటావా?" అన్నారు. ఆయన నోట జాతకం గురించి ప్రశ్న రావడం అదే మొదలు. అంతకుముందు అన్నీ తీర్పులే.

నది శాంతించాలని మహబూబ్ అలీ పాషా స్వయంగా మూసీకి పూజ చేశాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎగువన చెరువులు వరసగా తెగడం వల్ల నీరు ఒక్కసారిగా మీద పడిందన్నదీ అప్పటివారికి తెలుసు. అందుకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. పసుపు కుంకుమలు ఒక చేత, ఆనకట్ట పటం ఇంకో చేత పట్టుకోవడం మనకు కొత్త కాదు. మా అత్తగారు కూడా మాతో చిలుకూరు మొక్కు చెప్పి పంపుతూనే, డబ్బు రెండు చోట్ల దాచుకోమని హెచ్చరించారు.

రాత్రి లాడ్జిలో ఉండగా చెల్లెలి ఫోను వచ్చింది. మా వారు కిందకు వెళ్లి ఉన్నారు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పింది. "అక్కా, ఏమనుకోకు. పాలు పొంగించేటప్పుడు బావగారు లేకుండా, కాస్త తెల్లారాక వస్తే... మా అత్తయ్యగారికి పట్టింపులు ఎక్కువ. బావగారంటే నాకేమీ లేదు, నీకు తెలుసుగా." దాని గొంతులో భయమూ సిగ్గూ రెండూ ఉన్నాయి. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టాల్సిన ఇల్లు, భయం ఉండదా! కోపగించుకోవడానికి నాకు నోరు రాలేదు. "సరే పడుకో, తెల్లవారుజామునే లేవాలి" అన్నాను. మా వారికి చెప్పకూడదని అనుకున్నాను. చెబితే ఆయన మారుమాట లేకుండా ఆగిపోతారు, ఆగిపోయినందుకు ఊరట కూడా పొందుతారు; నేను భయపడింది ఆ ఊరటకే.

ఆదివారం

మూడు గంటలకే ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. అపార్ట్‌మెంటు గేటు దగ్గర మామిడి తోరణాలు, సెల్లారులో ఆవూ దూడా, ఫ్లాటేమో ఐదో అంతస్తులో. ఆటో దిగగానే మా వారు, "నువ్వు పైకి వెళ్లు. ఆవును చూస్తూ నేనిక్కడ ఉంటాను" అన్నారు. ఆవును చూసుకోవడానికి ఆవు మనిషి ఉన్నాడు. వాదించడానికి వేళ కాదు గనుక నేను పసుపు కుంకుమల పళ్లెం తీసుకుని మెట్ల వైపు నడిచాను.

మూడో అంతస్తు దాటుతుండగా కరెంటు పోయింది. జనరేటరు ఎందుకో అందుకోలేదు. చీకట్లో ఎక్కడినుంచో, "నాయనా, ఎవరక్కడ?" అని పురోహితుడి గొంతు వినబడింది. ఆయనా, మా చెల్లెలి మామగారూ, నిండు బిందె పట్టుకున్న ముత్తయిదువ ఒకామె లిఫ్టులో రెండు అంతస్తుల మధ్య చిక్కుకున్నారు. పైన మా చెల్లెలు దంపతులు గడప ముందు నిలబడి ఉన్నారు. ముహూర్తానికి పావుగంట ఉంది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు, సెల్‌ఫోను దీపాలు గోడల మీద పరుగులు పెడుతున్నాయి.

కిందనుంచి ఒక తెల్లని కాంతి మెట్లెక్కి వచ్చింది. మా వారి టార్చి. వెనకాల తాళంచెవితో వాచ్‌మన్. లిఫ్టు తలుపు తెరిచేసరికి లోపలి నేల మా నడుముల ఎత్తున ఉంది. మా వారు ముందు బిందె అందుకుని, చుక్క ఒలకకుండా నా చేతికిచ్చి, తరువాత ముత్తయిదువను, మామగారిని, చివరికి పురోహితుడిని ఒక్కొక్కరినే దింపారు. పురోహితుడికి మోకాళ్ల నొప్పులు. ఆయన మా వారి భుజం మీద చెయ్యి వేసి మిగతా మెట్లెక్కారు. గడప దగ్గర ఆ చెయ్యి తీయలేదు. అలా, ఆలస్యంగా రావలసిన మనిషి దంపతుల వెంటే లోపలికి వెళ్లారు. చెల్లెలి ఆడపడుచు పొయ్యి వెలిగించబోతే లైటరు పలకలేదు; సంచిలోంచి అగ్గిపెట్టె వచ్చింది. పాలు తూర్పు వైపుకు పొంగాయి.

ఇక్కడితో అందరి మనసులూ మారిపోయాయని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, అలా జరగలేదు. కరెంటు వచ్చాక, మా చెల్లెలి అత్తగారు తన పక్కనున్నావిడతో, "ఆయన గేట్లో అడుగుపెట్టాడు, ఇక్కడ దీపం పోయింది" అనడం నా చెవిన పడింది. పురోహితుడు మాత్రం భోజనాల దగ్గర మా వారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. జరిగింది ఒకటే, సాక్షులు ఇద్దరు. పులిహోర బాగుంది.

సోమవారం

మెహదీపట్నం నుంచి బస్సులో చిలుకూరు వెళ్లాం. ఉస్మాన్‌సాగర్ ఒడ్డునున్న ఈ బాలాజీ గుడిలో హుండీ ఉండదు. కోరిక కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108 చేయాలి. 108 చేసేవారి చేతుల్లో అంకెలు అచ్చువేసిన కార్డులుంటాయి. ఒక్కో చుట్టుకూ ఒక్కో అంకె కొట్టేసుకుంటూ నడుస్తారు. ఎక్కువమంది వీసాలు అడగడానికి వచ్చిన కుర్రవాళ్లు. మా అత్తగారు చెప్పిన ప్రకారం నేను 11 చుట్లూ చేశాను. మా వారూ చేశారు, కాస్త వెనకగా.

బయటకు వచ్చి చూస్తే నా చెప్పులు లేవు. పక్కనే విడిచిన ఆయన చెప్పులు మాత్రం విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. గుడి దగ్గర చెప్పులు పోతే పట్టిన శని వదిలినట్టేనన్నది మన నమ్మకం. మరి వదిలిన శని ఎవరిది? మా వారు నా కాళ్ల వైపు, తన చెప్పుల వైపు మార్చి మార్చి చూసి, పెళ్లయిన తరువాత నేను విననంత గట్టిగా నవ్వారు. నేను అత్తగారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానుగా" అన్నారు.

బస్సు కోసం చెట్టు కింద కూర్చున్నప్పుడు, ఆయన నవ్వు ముఖం చూసి, చెల్లెలి ఫోను సంగతి చెప్పేశాను. "నాకు తెలుసు" అన్నారు. మనం రైలెక్కకముందే, గురువారం నాడే, తోడల్లుడు తనకు ఫోను చేశాడట. చాలా మర్యాదగా, ఇబ్బంది పడుతూ అడిగాడట. ఆవు దగ్గర ఆగిపోవడం అప్పుడే అనుకున్నదట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు రావుగా. సొంత చెల్లెలి ఇల్లు."

చీటీ డబ్బు పోయినప్పుడు కూడా ఆయన మీద నాకు అంత కోపం రాలేదు. నా మేలు నన్ను అడగకుండా ఇంకొకసారి నిర్ణయిస్తే, ఈసారి పుట్టింటికి కాదు, నేరుగా మీ అమ్మగారి దగ్గరికే వెళ్లి కూర్చుంటానని, ఇద్దరం కలిసి మిమ్మల్నే బయటకు పంపుతామని చెప్పాను. "నువ్వూ చెప్పలేదుగా" అన్నారు. అదీ నిజమే, అయినా తగ్గలేదు. బస్సులో ముందు సీటావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మెహదీపట్నం వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. ఆ మర్యాద చేరిన తరువాత మేము అంతసేపు పోట్లాడుకోవడం అదే మొదలు.

దిగాక రైతుబజారు దగ్గర పేవ్‌మెంటు మీద చెప్పులమ్మే మనిషి కనబడ్డాడు. వేడి సిమెంటు మీద నేను ఒంటికాలి మీద నిలబడి ఉండగానే, మా వారు కూర్చుని, ఒక జత తీసి వంచి చూసి, బేరమాడి, యాభై తగ్గించి, తన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారు. ఎడమకాలికి సరిపోయింది. కుడికాలిది మడమ దగ్గర కరుస్తోంది. మార్చుకుందామంటే సికింద్రాబాదులో రైలుకు వేళయింది.